పల్లెకు పంతులును పంపిన బిషప్ అజరయ్య

ఆస్తి ఉన్న ఇంట్లో తండ్రి పొలం కొడుకుకు వస్తుంది. ఆస్తి లేని ఇంట్లో తండ్రి చేసిన అప్పు కొడుకుకు వస్తుంది. తాత ఏ కామందు దగ్గర పాలేరుగా బతికాడో, మనవడూ ఆ కామందు పశువులనే కాస్తాడు. వందేళ్ల క్రితం తెలుగు నేలమీద ఊరికి దూరంగా ఉన్న పల్లెల్లో, పేటల్లో ఎన్నో కుటుంబాల జీవితం ఇలాగే సాగేది. పేదరికం ఒక మనిషికి వచ్చే జబ్బు మాత్రమే కాదు, అది తరం నుంచి తరానికి అందే వారసత్వం కూడా.

దేవునికి ఈ సంగతి తెలుసు. అందుకే ఆయన ఇశ్రాయేలీయులకు సునాద సంవత్సరాన్ని నియమించాడు. యాభై సంవత్సరాలకు ఒకసారి అమ్ముడుపోయిన భూమి తిరిగి ఆ కుటుంబానికే చేరాలి, దాసుడైపోయినవాడు తిరిగి తన ఇంటికి వెళ్లాలి. తండ్రికి వచ్చిన కష్టం పిల్లల మెడకు శాశ్వతంగా చుట్టుకోకూడదన్నది లేవీయకాండము ఇరవై ఐదవ అధ్యాయంలో కనిపించే దేవుని ఉద్దేశం. ఆ ఉద్దేశాన్ని తెలుగు పల్లెల్లో నెరవేర్చడానికి జీవితాంతం శ్రమించిన ఒక దైవజనుణ్ణి ఈ వారం జ్ఞాపకం చేసుకుందాం. ఆయనే డోర్నకల్ బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య.

తాటిచెట్ల నడుమ పుట్టిన బిడ్డ

అజరయ్య తెలుగువాడు కాదు. తమిళనాడులోని తిరునల్వేలి ప్రాంతంలో వెళ్లాలన్‌విళై అనే చిన్న గ్రామంలో 1874 ఆగస్టు 17న జన్మించారు. తండ్రి థామస్ వేదనాయకం ఆ గ్రామ సంఘానికి పాదిరి. తల్లి పేరు ఎలెన్. పెళ్లయి పదమూడేళ్లు ఎదురుచూసిన తర్వాత పుట్టిన కుమారుడు కావడంతో తల్లి ఆ బిడ్డను ఎంతో ప్రార్థనతో పెంచింది.

వారిది నాడార్ సామాజికవర్గం. ఆ రోజుల్లో నాడార్లలో చాలామంది తాటిచెట్లెక్కి కల్లు గీసి బతికేవారు. గుడి మెట్లు ఎక్కనివ్వని, స్త్రీలు పైబట్ట వేసుకుంటే సహించని కాలం అది. అటువంటి ప్రజల మధ్య మిషనరీలు గ్రామగ్రామాన ఒక ప్రార్థనా మందిరాన్ని, దాని పక్కనే ఒక చిన్న బడిని కట్టారు. ఉపదేశి పగలు పిల్లలకు అక్షరాలు నేర్పేవాడు, సాయంత్రం పెద్దలకు వాక్యం చెప్పేవాడు. రెండు తరాలు గడిచేసరికి ఆ ఇళ్లలోనుంచి ఉపాధ్యాయులు, పాదిర్లు, వర్తకులు, ఉద్యోగులు వచ్చారు. అజరయ్య ఈ మార్పును తన ఇంట్లోనే చూస్తూ పెరిగారు. ఊళ్లో ఒక బడి ఏమి చేయగలదో ఆయనకు ఎవరూ చెప్పనవసరం లేకపోయింది.

తండ్రి 1889లో మరణించారు. అయినా తల్లి చదువు ఆపనివ్వలేదు. తిరునల్వేలిలో చదివాక మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చేరి గణితశాస్త్రం చదువుకున్నారు. సరిగ్గా చివరి పరీక్షల సమయంలో జబ్బుపడటంతో డిగ్రీ పూర్తికాలేదు. తర్వాత ఆయన మళ్లీ ఆ పరీక్ష కోసం ఆగలేదు. 1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా చేరి దక్షిణ భారతమంతా తిరిగారు. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను కట్నం తీసుకోకుండా వివాహం చేసుకున్నారు. కళాశాల చదువు చదివిన తొలితరం క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు.

సిగ్గుపడిన సంఘం

1902లో అజరయ్య శ్రీలంకలోని జాఫ్నాకు వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో భారతదేశంలో ఒక మిషనరీ పనిని పోషిస్తున్నారని తెలుసుకున్నప్పుడు ఆయన ఆలోచనలో పడ్డారు. వారికంటే ఎంతో పెద్దదైన తిరునల్వేలి సంఘం ఇంతకాలం పుచ్చుకుంటూనే ఉంది గానీ ఇవ్వడం నేర్చుకోలేదు. ఆ బాధతోనే 1903 ఫిబ్రవరిలో కొందరు సహచరులతో కలిసి తిరునల్వేలి భారతీయ మిషనరీ సంఘాన్ని స్థాపించారు. భారతీయుల ధనం, భారతీయ సేవకులు, భారతీయ నిర్వహణ అన్నది దాని నియమం. 1905లో సెరాంపూర్‌లో జరిగిన జాతీయ మిషనరీ సంఘం స్థాపనలోనూ ఆయన ముందున్నారు.

తిరునల్వేలి సంఘం తన పనికి ఎంచుకున్న పొలం తెలుగు నేల. బెజవాడ నుంచి వరంగల్ వైపు రైల్లో వెళితే ఖమ్మం దాటాక డోర్నకల్ జంక్షన్ వస్తుంది. ఇప్పుడది తెలంగాణలోని మహబూబాబాద్ జిల్లాలో ఉంది, అప్పుడు నిజాం రాజ్యంలో ఉండేది. ఇతరులను వెళ్లమని చెప్పి తాను మాత్రం మద్రాసులో ఉండటం అజరయ్యకు నచ్చలేదు. మంచి జీతం, పేరు ఉన్న వై.ఎం.సి.ఎ. పదవిని విడిచి, 1909లో అభిషేకం పొంది, భార్యాబిడ్డలతో డోర్నకల్ చేరారు. అప్పుడాయన వయసు ముప్పై ఐదు సంవత్సరాలు. ఆ వయసులో తెలుగు నేర్చుకున్నారు.

1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, విదేశీ మిషనరీలు ధనమూ త్యాగమూ ఇస్తున్నారు గానీ భారతీయ సేవకులను సమానులుగా, స్నేహితులుగా చూడటం లేదని ఆయన నిర్మొహమాటంగా చెప్పారు. రెండేళ్ల తర్వాత, 1912 డిసెంబర్ 29న, కలకత్తా సెయింట్ పాల్స్ కేథడ్రల్‌లో ఆయనకు బిషప్ అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. డిగ్రీ చేతికి రాని ఆ మనిషికి 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. అదే సంవత్సరం కృష్ణా ప్రాంతంలోని ఆంగ్లికన్ తెలుగు సంఘాలు కూడా డోర్నకల్ మేత్రాసనంలో చేరాయి. మన తణుకు, నరసాపురం వైపు లూథరన్లు, బ్రదరెన్ వారు పనిచేస్తున్న రోజుల్లోనే మనకు పొరుగునున్న పల్లెలు అజరయ్య కాపుదలలోకి వచ్చాయి.

పల్లెలోనే బడి

ఆయన చూసిన పల్లెల స్థితి ఎలా ఉండేది? నిజాం రాజ్యంలో వెట్టి, భగేలా పద్ధతులు ఉండేవి. పెళ్లికో చావుకో తీసుకున్న కొద్దిపాటి అప్పుకు బదులుగా మనిషి దొర దగ్గర జీతానికి కుదిరేవాడు. వడ్డీ పెరిగేది గానీ అప్పు తీరేది కాదు. తండ్రి చనిపోతే కొడుకు ఆ బాకీ కిందకు వచ్చేవాడు. ఈ పద్ధతిని అదుపు చేయడానికి నిజాం ప్రభుత్వం 1936లో ఒక నిబంధన తేవలసి వచ్చిందంటే అది ఎంత లోతుగా పాతుకుపోయిందో అర్థమవుతుంది. అటువంటి చోట పిల్లవాడు పగలు బడికి ఎలా వస్తాడు? వాడు పశువుల వెంట ఉంటాడు. వాడు తెచ్చే గుప్పెడు గింజలు ఆ ఇంటికి అవసరం.

చురుకైన ఒకరిద్దరు పిల్లలను ఏరుకొని పట్నంలోని హాస్టలుకు పంపడం ఒక మార్గం. డోర్నకల్‌లో అజరయ్య కూడా వసతి పాఠశాల నడిపారు. అక్కడ పిల్లలు చదువుతోపాటు వ్యవసాయం, చేతిపనులు నేర్చుకునేవారు. కాని ఆ ఒక్క మార్గం చాలదని ఆయన గ్రహించారు. హాస్టలుకు వెళ్లిన పిల్లవాడు ఒక్కడే పైకి వస్తాడు. వాడు వెనక్కి రాకపోతే పల్లె ఎలా ఉందో అలాగే ఉంటుంది. కాబట్టి పిల్లవాణ్ణి పల్లె నుంచి తీసుకురావడం కన్నా, పంతులును పల్లెలోకి పంపడం మీద ఆయన ఎక్కువ బలం పెట్టారు.

ఆ పంతులు ఊళ్లోకి వచ్చిపోయే ఉద్యోగి కాడు. ఆ పల్లెలోనే గుడిసె వేసుకుని భార్యాపిల్లలతో నివసించాలి. దీపం వెలిగించి, పనినుంచి తిరిగివచ్చిన పిల్లలకు, కుర్రవాళ్లకు రాత్రిబడి నడపాలి. ప్రతి సాయంత్రం ప్రార్థన జరపాలి. ఆదివారం ఆరాధన నడిపించాలి. డోర్నకల్‌లో ఉపదేశకులకు శిక్షణ ఇచ్చేటప్పుడు వారి భార్యలకు కూడా నేర్పేవారు. ఎందుకంటే పల్లెలోని తల్లుల దగ్గరకు ఆమె వెళ్లగలదు, అతడు వెళ్లలేడు. అన్బు మరియమ్మాళ్ కూడా భర్తతోపాటు ఎడ్లబండిలో తిరుగుతూ స్త్రీల మధ్య పనిచేశారు.

అక్షరం వచ్చిన కుర్రవాడు ఒక్కడున్నా ఆ పల్లె బలం మారిపోతుంది. అప్పు కాగితంలో ఏముందో చదవకుండా వేలిముద్ర వేయనవసరం లేదు. అర్జీ రాయించుకోవడానికి ఎవరి వాకిట్లోనో పడిగాపులు పడనవసరం లేదు. ఈ సంగతి పెత్తందార్లకూ తెలుసు. అందుకే కొన్ని ఊళ్లలో బడి పెట్టడమే ఒక పోరాటమైంది. అయినా దీపాలు వెలుగుతూనే వచ్చాయి. 1935 నాటికి డోర్నకల్ మేత్రాసనంలో దాదాపు 250 మంది భారతీయ పాదిర్లు, రెండు వేలకు పైగా గ్రామ ఉపాధ్యాయులు ఉన్నారు. వైద్యశాలలు, సహకార సంఘాలు, ముద్రణాలయాలు వారికి తోడయ్యాయి.

పిడికెడు బియ్యం

ఇంతమంది ఉపాధ్యాయులను పోషించేది ఎవరు? విదేశీ ధనం ఎల్లకాలం రాదని, వచ్చినా అది మనిషిని నిలబెట్టదని అజరయ్య నమ్మేవారు. కాబట్టి పేదవారికే ఇవ్వడం నేర్పారు. వంట చేసే ముందు ప్రతి తల్లీ ఒక పిడికెడు బియ్యం తీసి దేవుని కోసం వేరే కుండలో వేసేది. వారానికొకసారి ఆ కుండ మందిరానికి చేరేది. కోతల కాలంలో పంటల పండుగ జరిపి ధాన్యం, కోళ్లు, కూరగాయలు తెచ్చేవారు. క్రైస్తవుడు ఎందుకు ఇవ్వాలి అన్న విషయంపై ఆయన రాసిన పుస్తకం అనేక భాషల్లోకి వెళ్లింది.

కూలి చేసుకునే వారి దగ్గర బియ్యం తీసుకోవడం న్యాయమేనా అని మనకు అనిపించవచ్చు. ఏలీయా సారెపతులోని విధవరాలిని అడిగినప్పుడు ఆమె ఇంట్లో ఉన్నది పిడికెడు పిండి మాత్రమే. ఆమె ఇవ్వగలదని దేవుడు నమ్మాడు. అజరయ్య కూడా పల్లె తల్లుల విషయంలో అలాగే నమ్మారు. తరతరాలుగా చేయి చాచడం మాత్రమే నేర్పిన సమాజంలో, ఇచ్చే చేయి తనకూ ఉందని ఆ తల్లికి మొదటిసారి తెలిసింది. తన బియ్యంతో పోషించుకునే పంతులు దగ్గరకు ఆమె తన బిడ్డను పంపకుండా ఉండదు గదా! పేదరికం జేబులోనే కాదు, మనసులో కూడా ఉంటుంది. పిడికెడు బియ్యం ఆ మనసులోని పేదరికాన్ని తాకింది.

బాప్తిస్మం ఇచ్చేటప్పుడు ఆయన ఇంకొక పని చేయించేవారు. కొత్త విశ్వాసి తన చేతిని తన తలమీద పెట్టుకుని, సువార్త ప్రకటించడం తన బాధ్యత అని పౌలు అపొస్తలుడిలాగే ఒప్పుకోవాలి. చదువురాని కూలీ అయినా సరే, ఆ రోజునుంచే అతడు సేవకుడు.

నాలుగు దయ్యాలు

పల్లెలను పీడించే దయ్యాలు నాలుగని ఆయన చెప్పేవారు. మురికి, రోగం, అప్పు, తాగుడు. ప్రసంగంలో ఈ నాలుగింటినీ విడిచిపెట్టి ఆత్మ రక్షణ గురించి మాత్రమే మాట్లాడితే సరిపోదని ఆయన అభిప్రాయం. బడికి వచ్చిన పిల్లవాడికి శుభ్రత నేర్పితే అది ఇంట్లోకి వెళుతుంది. సహకార సంఘం ఉంటే వడ్డీవ్యాపారి గుమ్మం తొక్కే పని తగ్గుతుంది. తండ్రి తాగుడు మానితే ఆ డబ్బు పిల్లవాడి పలక, పుస్తకం అవుతుంది. ఈ నాలుగూ ఒకదాని చేయి ఒకటి పట్టుకుని ఉంటాయి గనుక ఒక్కదాన్నే వెళ్లగొడితే మిగిలినవి దాన్ని మళ్లీ పిలుచుకొస్తాయి. ఊరంతటితో కలిసి పని చేయాలన్న ఆయన పట్టుదలకు కారణం ఇదే.

ఫలితం ఇతరుల కంటబడింది. 1912లో 56,681 మందిగా ఉన్న డోర్నకల్ క్రైస్తవుల సంఖ్య 1941 నాటికి 2,25,080కి పెరిగింది. దళితుల జీవితాల్లో వచ్చిన మార్పును చూసి 1930లలో శూద్ర కులాల వారు కూడా వేల సంఖ్యలో సంఘంలో చేరారు. పేదలు లాభం కోసమే మతం మారుతున్నారన్న విమర్శ కూడా ఆ రోజుల్లోనే బలంగా వచ్చింది. గాంధీజీ, అజరయ్య ఈ విషయంలో ఏకీభవించలేకపోయారు. తన మంచి తాను ఆలోచించుకుని నిర్ణయించుకునే హక్కు, శక్తి పేదవాడికి ఉన్నాయన్నది అజరయ్య వాదన.

గోడ సంఘంలోపల కూడా ఉంది

ఇదంతా విజయగాథగా మాత్రమే చెబితే అది సత్యం కాదు. మాల, మాదిగ అన్న భేదం మందిరం గుమ్మం దగ్గర ఆగిపోలేదు, లోపలికి కూడా వచ్చింది. వేర్వేరు బావులు, వేర్వేరు పంక్తులు, పదవుల కోసం తగాదాలు ఆయనను చివరిదాకా బాధించాయి. ప్రభువు బల్ల దగ్గర అందరూ ఒక్కటిగా రావాలన్న విషయంలో ఆయన రాజీపడలేదు. అందువల్ల సొంత సంఘంలోనే వ్యతిరేకతను ఎదుర్కొన్నారు. భూమి లేని వారికి భూమి ఇప్పించడం ఒక బిషప్ చేతిలో లేదు. బడికి వెళ్లిన పిల్లలందరూ ఉద్యోగాలు సంపాదించలేదు, చాలామంది కూలీలుగానే మిగిలారు. అయితే చదవడం వచ్చిన కూలీ తన బిడ్డను చదివించకుండా ఉండడు. తిమోతి విశ్వాసం ముందు అవ్వ లోయిలో, తర్వాత తల్లి యునీకేలో ఉన్నట్లు, ఈ విడుదల కూడా తరం తర్వాత తరంగానే వచ్చింది.

డోర్నకల్‌లో ఆయన కట్టించిన కేథడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠించబడింది. గుమ్మటాలు, చెక్కిన స్తంభాలతో ఈ దేశపు రూపంలో ఉన్న ఆ మందిర నిర్మాణానికి పాతికేళ్లు పట్టింది. నిధులు చాలనప్పుడల్లా కట్టడం ఆగింది గానీ, పల్లెబళ్ల పని ఆగలేదు. 1945 జనవరి 1న అజరయ్య ప్రభువునందు నిద్రించారు. ఆయన ఎంతో ఆశించిన సంఘాల ఐక్యత 1947 సెప్టెంబర్ 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పాటుతో నెరవేరింది. అది చూడటానికి ఆయన లేరు.

మన పేటల సంగతి

ప్రియ పాఠకులారా, మన డెల్టాకు దేవుడు నీళ్లిచ్చాడు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కరువు నేల అన్నపూర్ణ అయింది. తణుకు చుట్టూ వరి, చెరకు పచ్చగా కనిపిస్తాయి. అయితే కాలువ నీళ్లు పొలం ఉన్నవాడి పొలానికే పారతాయి. పొలం లేనివాడి బిడ్డకు ఏ కాలువ తవ్వాలన్నది సంఘం ఆలోచించవలసిన విషయం.

ఇప్పుడు ప్రభుత్వ బడి ఉంది, మధ్యాహ్న భోజనం ఉంది, 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం ఉంది. అజరయ్య కాలంలో ఇవేవీ లేవు. కాని సాయంత్రం ఇంటికి వచ్చిన పిల్లవాడికి లెక్క అర్థం కాకపోతే చెప్పేవారు ఇప్పటికీ చాలా ఇళ్లలో లేరు. పదో తరగతి తప్పిన కుర్రవాడు మరునాడే పనిలోకి వెళ్లిపోతాడు. ఆడపిల్లకు సంబంధం చూస్తారు. ఆ ఒక్క సంవత్సరంలో పక్కన నిలబడే మనిషి లేక మరో తరం వెనక్కి జారిపోతుంది.

మన పేటల్లో మందిరాలకు కొదవలేదు. వాటిలో చాలావరకు ఆదివారం తెరుచుకుని సోమవారం తాళం వేసుకుంటాయి. అదే మందిరంలో రోజూ సాయంత్రం రెండు గంటలు దీపం వెలిగి, పేటలో చదువుకున్న యువతీ యువకులే పిల్లలకు చదువు చెబితే ఎంత బాగుంటుంది! మందిరానికి వచ్చే పిల్లలనే కాక పేటలోని ప్రతి బిడ్డనూ పేరు పేరునా ఎరిగి ఉండటం పెద్దల పని. ఎవరు బడి మానారో, ఎందుకు మానారో ఆ వారంలోనే తెలుసుకోవాలి. అవసరమైన ఖర్చు దూరదేశపు దాత కోసం ఎదురుచూడకుండా ఇంటింటి పిడికెడు బియ్యంతో మొదలు కావచ్చు. ఉద్యోగాలు వచ్చి పట్నాల్లో స్థిరపడిన వారు తమను పెంచిన పేటను మరచిపోకుండా నెలకొకసారైనా వచ్చి ఆ పిల్లల మధ్య కూర్చోవచ్చు. డబ్బు పంపడం మంచిదే గానీ, తమలాంటి ఇంట్లోనుంచే వచ్చి ఎదిగిన మనిషి ఎదుట కూర్చోవడం పిల్లలకు ఎక్కువ ధైర్యమిస్తుంది.

ప్రభువైన యేసు పరలోక మహిమలో ఉండి మనకు సహాయం పంపలేదు. ఆయనే వచ్చి మన మధ్య నివసించాడు. పల్లెలో గుడిసె వేసుకున్న ప్రతి పంతులూ ఆయన అడుగుజాడలోనే నడిచాడు. అజరయ్య పంపిన ఆ రెండు వేల మందిలో ఎక్కువమంది పేర్లు ఈ రోజు ఎవరికీ తెలియవు. కాని వారి దీపం దగ్గర అక్షరాలు దిద్దినవారి మనవలు, మునిమనవలు ఈ రోజు మన సంఘాల్లో ఉపాధ్యాయులుగా, నర్సులుగా, పాదిర్లుగా కూర్చుని ఉన్నారు. వారి చేతుల్లో ఆ దీపం మన పేటల్లోని తరువాతి తరానికి కూడా అందేలా ప్రభువు మనలను వాడుకొనును గాక. ఆమేన్.